గోడ ఆరేదాకా

మారేడుమిల్లికి గోదావరి రాదు, మేం కొండ మీద ఉన్నాం. కానీ ఘాట్ రోడ్డు దిగితే చింతూరు, అక్కడ శబరి నది. ఆ శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలవాలి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు కలవనివ్వదు, వెనక్కి తోస్తుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల్లో జనం చేతికందింది పట్టుకుని గుట్టలెక్కి, బరకాల కింద తలదాచుకున్నారు.

వరద వస్తోందని చెప్పడానికి హెచ్చరికలున్నాయి, మైకులున్నాయి. వరద తీశాక ఇంట్లో అడుగుపెట్టినవాడికి మొదటి పూట ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆ పూట మనం చేసేది చాలావరకు తలకిందులుగా ఉంటుంది. వెంటనే చేయాల్సిన పనులు రేపటికి వాయిదా వేస్తాం, వారాల పాటు ఆగాల్సిన వాటికి ఆ రోజే ఎగబడతాం. ముఖ్యంగా సున్నానికి, ఫ్రిజ్జుకి.

ముందు కరెంటు. తడి నేల మీద నిలబడి మెయిన్ ముట్టుకోవద్దు. లైన్‌మన్‌ని పిలిపించి స్తంభం దగ్గరే తీయించాలి. ఫ్రిజ్జు, మోటారు, మిక్సీ పైకి ఆరినట్టే కనిపిస్తాయి, లోపల వైండింగులో తడి ఉంటుంది. పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి స్విచ్ వేస్తే బాగుపడే మోటారు కాస్తా కాలిపోతుంది. అంతకన్నా ముందు మనిషికే షాకు కొట్టొచ్చు.

తర్వాత ఫోటోలు, చీపురు పట్టకముందే. ఇది ఎంత చెప్పినా చాలదు. వరద నీరు గోడ మీద గీత గీసి పోతుంది. ఆ గీత పక్కన ఓ మనిషిని నిలబెట్టి ఫోటో తీయండి, ఎత్తు ఎంతో ఎవరికైనా అర్థమవుతుంది. గదికి నాలుగు మూలలా, పాడైన ప్రతి వస్తువూ తీయండి. నష్టం రాసుకోవడానికి వచ్చే సచివాలయం వాళ్లకు, వీఆర్వోకి చూపించేది ఆ ఫోటోలే. మా దగ్గర ఇప్పుడు హోంస్టేలు కట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు మరీ చెబుతున్నా. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే పాలసీ ఉంది. వరదకూ అగ్నిప్రమాదానికీ రెండింటికీ వర్తిస్తుంది. పాలసీ ఉంటే వెంటనే కబురు చేయాలి, సర్వేయరు చూసేదాకా పాడైన సామాను పారేయకూడదు.

ఒండ్రు పచ్చిగా ఉండగానే లాగేయాలి. ఎండిందంటే పలుగు పెట్టి తవ్వాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు ఫైరింజన్లు వీధివీధికీ వెళ్లి ఇళ్లలో బురద కడిగాయి. శబరి ఒడ్డు పల్లెలో ఆ పని బిందెకీ చేటకీ మిగులుతుంది. సామాను కిందికి చేయి పెట్టేముందు కర్రతో కదిపి చూడండి, పాములకూ అదే ఆశ్రయం. బ్లీచింగ్ వేసిన చోట బాత్రూం యాసిడ్ పోయకండి, రెండూ కలిస్తే వచ్చే విషవాయువు ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. మునిగిన బియ్యం, పప్పులు కడిగి ఎండబెట్టి తిందామనుకోవద్దు. అది చెప్పడం సులువే, పారబోయడం ఎంత కష్టమో తెలుసు.

ఇక కాగితాలు. అటవీ హక్కుల పట్టా, పాసుబుక్కు, రేషన్ కార్డు తడిసి అంటుకుపోతే గోటితో విడదీయకండి. బురద ఉంటే శుభ్రమైన నీళ్లలో మెల్లగా తేల్చి, నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వండి. ఆరేకొద్దీ కొన్ని వాటంతట అవే విడిపోతాయి.

ఎండాకాలంలో మా భయం వేరు, అది నిప్పు. గడ్డి కప్పు, వెదురు తడికె, దాని మీద మెత్తిన మట్టి. కొండరెడ్ల ఇళ్లు ఎక్కువగా ఇవే. పొయ్యిలోంచో, పోడు కాల్చిన చోటినుంచో ఒక్క రవ్వ చాలు. ఫైరింజను ఘాటెక్కి వచ్చేసరికి మిగిలేది బూడిదే. అప్పుడు కూడా తొందర పనికిరాదు. ఆరిపోయిందనుకున్న దూలం లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది, రాత్రి గాలి లేస్తే మళ్లీ అంటుకుంటుంది. కదిపి, నీళ్లు చల్లి, మళ్లీ కదిపి, ఆ రాత్రంతా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఒళ్లు కాలినవాళ్లకు ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. పేస్టూ సిరా పూయొద్దు. స్లాబు ఇల్లయితే పెచ్చులూడి ఇనుము కనబడిందా చూడండి. కనబడితే ఇంజినీరు చూడకుండా దాని కింద పడుకోవద్దు. గోడల మసిని తడిగుడ్డతో తుడిస్తే రంగులోకి ఇంకుతుంది, ముందు పొడి కుంచెతో దులపాలి.

బూడిదను గంపలకెత్తి వాగులో పోయడం నాకు మింగుడుపడదు. ఓ ఇల్లు కాలిన మర్నాడు ఆ ఇంటావిడ చల్లారిన బూడిదను దోసిలి దోసిలిగా జల్లెడ పట్టడం చూశాను. పట్టీల వెండి ముద్దగా కరిగి దొరికింది. నాణేలు దొరికాయి. రేకు డబ్బాలో నోట్ల కట్ట అంచులు నల్లబడి, పెళుసెక్కి, ముట్టుకుంటే రాలేలా ఉంది. ఇలాంటివి మామూలు బ్యాంకు శాఖ తీసుకోదు, రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుకు ఇవ్వాలి. అక్కడ ప్రత్యేకంగా పరిశీలించి విలువ తేలుస్తారు. తడిసి విడదీయలేనంతగా అంటుకున్న నోట్లకూ అదే దారి. కట్ట విప్పకుండా డబ్బాతోనే పట్టుకెళ్లడం మేలు. కాలిన గుడిసె కూడా విపత్తు సహాయం కిందికి వస్తుంది. 2022-26 నిబంధనల్లో గుడిసెకు 8,000 రూపాయలు రాశారు. ఆ డబ్బుతో గుడిసె లేవదు. అయినా పంచనామా రాయించుకోండి, తర్వాత ఇల్లు మంజూరు చేయమని అడగడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఇన్నిటి తర్వాత, వరదకు నానిన గోడ. చింతూరు వైపు ఓ ముసలమ్మ తన ఇంటి గోడను అరచేత్తో తట్టి చూపించింది. పండక్కి అలుకుదామంటున్న కొడుకుతో, "ఇప్పుడొద్దురా, గోడ ఇంకా నీళ్లు తాగే ఉంది. పైన మూసేస్తే లోపల కుళ్లుద్ది" అంది. మొల ఎత్తు వరకు మట్టి గీకేసి, తడికె గాలికి విడిచిపెట్టింది. ఇటుక గోడకూ సూత్రం ఇదే. బూజు రెండు రోజుల్లోనే మొదలవుతుంది కాబట్టి తలుపులూ కిటికీలూ తీసి, సామాను గోడకు మూరెడు దూరం జరిపి, ఉబ్బిన పెయింటు గీకేయాలి. ఎక్కడన్నా జానెడు ప్లాస్టిక్ కాగితం నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి మర్నాడు తీసి చూడండి. వెనక చెమ్మ పట్టి ఉంటే రంగులు వేసే మేస్త్రీకి ఇంకా రావొద్దని కబురు పెట్టండి, పండగ దగ్గరికొచ్చినా సరే.