గని లోతు పడమటికి

గోస్పాడు చేలల్లో ఎక్కడైనా బోరు వేస్తుంటే అందరూ నీళ్ల కోసం చూస్తారు, నేను బయటపడే పిండిని చూస్తా. నల్లరేగడి దాటగానే రేకులు రేకులుగా విడిపోయే మెత్తటి రాయి తగులుతుంది. నంద్యాల షేల్ అంటారు. కర్నూలు రాళ్ల వరుసలో అన్నిటికన్నా పై పొర ఇదే. అట్టడుగుది బనగానపల్లె పొర, ఒకప్పుడు వజ్రాలు తవ్వింది అందులోనే. ఆ పొర మన కిందికీ వచ్చిందనే అనుకోవాలి. అక్కడ వజ్రాలున్నాయా అన్నది వేరే లెక్క!

బనగానపల్లె పొరను చూడాలంటే ఏ బోరు బండీ అక్కర్లేదు, బస్సెక్కితే చాలు. ఈ పొరలన్నీ తూర్పుకు వాలి ఉన్నాయి కాబట్టి పడమటికి పోయేకొద్దీ అడుగువి పైకి తేలతాయి. ముందు కోయిలకుంట్ల సున్నపురాయి, తర్వాత కొండల నెత్తిన పాణ్యం గట్టిబండ, దాని కింద అవుకు షేల్, ఆ కింద మన ఇళ్లల్లో పరుచుకునే నాపరాయి. ఆఖరికి బనగానపల్లె. 1872లో అచ్చయిన విలియం కింగ్ నివేదికలో ఈ పొరల వివరమంతా ఉంది.

ఒకప్పుడు అక్కడ వజ్రాలు తవ్విన గనివాళ్ల పనితనం నాకు మహా ఇష్టం. గట్టిబండలో గుంత దింపి, వజ్రాల పొర తగిలాక లోతుకు పోవడం మానేసి అడ్డంగా తొలుచుకుంటూ పోయేవాళ్లు. పొర పలుచన, అందుకని సొరంగమూ పొట్టిదే. వంగి, కూర్చుని తవ్వాల్సిందే. తవ్వింది పైకి తెచ్చి పగలగొట్టి, కడిగి, ఏరేవాళ్లు.

ఈ గనులతో పోల్చి చూడడానికి కెనడాలో కోబాల్ట్ అనే ఊరుంది. 1903లో రైలుమార్గం వేస్తుంటే అక్కడ వెండి బయటపడింది. దాని తీరు పూర్తిగా వేరు. వెండీ కోబాల్టూ కలిసి నిట్టనిలువు పగుళ్లలో ఇరుక్కుని ఉంటాయి, చాలా పగుళ్ల వెడల్పు అంగుళాల్లోనే. వానకూ గాలికీ కోబాల్ట్ ఖనిజం మీద గులాబీ రంగు పూత పూస్తుంది. గనివాడికి అదే ఆనవాలు, ఇక పగులు వెంబడి కిందికి పోవడమే. మనవాళ్లకు అట్లాంటి రంగు సాయం లేదు.

ఒక్క పోలిక మాత్రం ఉంది. రెండుచోట్లా పాతరాయి అరిగిపోయిన నేల మీద కొత్త పొరలు పేరుకున్నాయి, సరుకు దొరికింది ఆ అతుకుకు దగ్గర్లోనే.

బనగానపల్లె రాయిని చేతిలోకి తీసుకుంటే తెల్లటి పలుగురాళ్లు, ఎర్రటి జాస్పర్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి. అంచులు నున్నగా అరిగి ఉంటాయి, నీళ్లు చాలా దూరం దొర్లించినట్టు. ఇందులోని వజ్రాలు అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు నుంచే కొట్టుకొచ్చాయనేవాళ్లు ఎక్కువ, కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ గులకరాళ్లను చూశాక నేను మొదటివాళ్ల వైపే.