ఇంటి పద్దు పిల్లల ముందే వేయండి

డబ్బు దాచుకోవడం గురించి వినిపించే సలహాలన్నీ ఒకటో తారీఖుతో మొదలవుతాయి. జీతం రాగానే ఇంత పక్కన పెట్టండి, మిగిలిందే ఖర్చు చేయండి అంటారు. అహోబిలం చుట్టుపక్కల చాలా ఇళ్లకు ఆ ఒకటో తారీఖే లేదు. దిగువ అహోబిలంలో కొబ్బరికాయలు, పూలు అమ్మే అంగడికి శనివారాలు, స్వాతి నక్షత్రం రోజులు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, అవే జీతం రోజులు. యాత్రికులను జీపుల్లో కొండకు తీసుకుపోయేవాళ్లకూ అంతే. ఆళ్లగడ్డలో రాయి చెక్కే శిల్పులకు ఎక్కడో ఒక ఊళ్లో గుడి కడుతుంటేనే పని. చేనున్నవాళ్లు పంట అమ్మిన నాడే నాలుగు రూపాయలు కళ్లజూస్తారు. ఆ పంటా వానను బట్టి, కాలువ నీళ్లను బట్టి.

ఇట్లాంటి చోట పిల్లల చేతికి మట్టి ముంత ఇచ్చి చిల్లర వేసుకోమంటే సరిపోదు. దుడ్లు ఎప్పుడొస్తాయి, ఎప్పుడు రావు అన్నదే వాళ్లకు మొదటి పాఠం కావాలి. అందుకు ఏడాది మొత్తాన్ని ఒక్కచోట చూపించాలి.

మా ఇంట్లో ఉగాదికి ఒక పెద్ద కాగితం గోడకు అంటిస్తాం. పన్నెండు నెలలకు పన్నెండు గడులు. గీతలు గీసేది పిల్లలే. పైన రాబడి, కింద ఖర్చు. ముందు తేదీ తెలిసిన ఖర్చులు రాయమంటాను. వాళ్లకు వెంటనే గుర్తొచ్చేది పారువేట. కనుమ నాడు అహోబిలం స్వామి పల్లకిలో బయల్దేరి, నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, తన కల్యాణానికి అందరినీ పిలిచి వెళతాడు. స్వామి ఏ ఊరికి వస్తే ఆ రోజు ఆ ఊరికి తిరునాళ్ల. ఆడబిడ్డలు వస్తారు, కొత్త బట్టలు, బంధువులకు భోజనాలు. ఈ ఖర్చు హఠాత్తుగా ఊడిపడేది కాదు, ఏటా వచ్చేదే. అయినా ఎన్నో ఇళ్లలో ఆ వారంలోనే చేబదుళ్లకు పరుగెత్తుతారు. పంట అమ్మిన నెల గడిలోనే పారువేట సొమ్ము పక్కన పెట్టాలని పిల్లలకు ఒకసారి తెలిస్తే, ఆ తర్వాత పెద్దవాళ్లకు వాళ్లే గుర్తు చేస్తారు.

ఆ కాగితం మీద అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది జూన్ గడి. బడి పుస్తకాలు, యూనిఫారం, ఫీజులు అప్పుడే. విత్తనాలు, ఎరువులు, సేద్యం ఖర్చూ అప్పుడే. పై గడిలో రాసేందుకు రాబడి ఏమీ ఉండదు. పిల్లలు ఆ ఖాళీని చూసి "మరి దుడ్లెట్ల నాయనా?" అని అడుగుతారు. అసలు చదువు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది, ఎందుకంటే దానికి జవాబు అప్పు.

మన సీమలో పిల్లల ముందు అప్పు మాట ఎత్తరు. "పిల్లోళ్లకెందుకు ఈ బాధలు" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ దాచినంత మాత్రాన పిల్లలకు తెలియకపోదు. గొంతు తగ్గించి మాట్లాడే మాటల్లో, అమ్మ మెడలో కనిపించకుండా పోయిన గొలుసులో, గడప దగ్గర నిలబడ్డ మనిషి ముఖంలో వాళ్లకు తెలుస్తుంది. అట్లా తెలిసినప్పుడు భయం మాత్రమే మిగులుతుంది, లెక్క తెలియదు. లెక్క చేతికొస్తే భయం కొంతైనా తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

కాబట్టి వడ్డీ లెక్క పిల్లల చేతనే వేయించాలి. ఊళ్లో వడ్డీ నూటికి నెలకు ఇంతని చెబుతారు. "రెండు రూపాయల వడ్డీ" అంటే చెవికి చిన్నదిగానే వినపడుతుంది. యాభై వేలకు నెలకు వెయ్యి, ఏడాదికి 12,000. బ్యాంకు భాషలో అది 24 శాతం. మూడేళ్లు కట్టలేకపోతే వడ్డీ 36,000. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి అప్పుడు నోటు తిరగరాస్తారు. కొత్త నోటులో అసలు 86,000. ఇంకో మూడేళ్లు అదే వడ్డీ నడిస్తే మొత్తం 1,47,920. ఆరేళ్లలో యాభై వేలు దాదాపు మూడింతలు. ఏడో తరగతి పిల్లలు ఈ లెక్క పలక మీద వేయగలరు. బడిలో బారువడ్డీ, చక్రవడ్డీ చదివేది ఆ ఈడులోనే.

పక్కనే ఇంకో లెక్కా వేయించాలి. 2004లో పొదుపు సంఘాల అప్పులకు పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతం. అదే యాభై వేలకు నెలకు 125 రూపాయలు. వెయ్యికీ నూట పాతికకూ మధ్య ఉన్న తేడా ఒక కుటుంబం నిలబడడానికీ కూలబడడానికీ మధ్య ఉన్న తేడా. అప్పు చేయడం తప్పు కాదు, వాన మీద బతికే చోట అప్పు లేకుండా సేద్యం సాగదు. ఏ అప్పు, ఎవరి దగ్గర, ఎంతకు, ఏ పంట మీద తీర్చేది అన్నవి తెలియకుండా చేయడమే ప్రమాదం.

ఈ సంగతి చెప్పడానికి మన పిల్లలకు తెలిసిన కథే ఉంది. తిరుమల వెంకన్న పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడు. ఆ పెళ్లి వంటను ముందుగా మన అహోబిల నరసింహుడికే నైవేద్యం పెట్టారని చెప్పుకుంటారు. దేవుడి కథను భక్తితోనే చెబుతాను. చెప్పాక, ఒక్క పెళ్లి అప్పు ఎన్నాళ్లు వెంట వస్తుందో ఆలోచించమంటాను.

ఇదంతా మనకు కొత్త విద్యేమీ కాదు, మన తల్లులు సాధించిందే. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు ఉంది. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అండతో మొదలైన పేదరిక నిర్మూలన కార్యక్రమంలో అక్కడి ఆడవాళ్లు సంఘాలు కట్టి, చిన్న చిన్న మొత్తాలు పోగేసి, ఒకరికొకరు అప్పులిచ్చుకున్నారు. వాళ్ల మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం తర్వాత బాలభారతి పేరుతో బడి కూడా నడిపింది. సంఘాలకు పంచసూత్రాలున్నాయి: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మన ఊళ్లలో ఈ అయిదూ నోటికి వచ్చిన తల్లులు ఎందరో. సంఘం మీటింగులో తీర్మానం రాయించే ఆ తల్లి, ఇంటికొచ్చాక మాత్రం లెక్క మనసులోనే దాచుకుంటుంది. ఆ పంచసూత్రాలు గడప దాటి ఇంట్లోకి రావాలి.

మేం ఆదివారం అన్నాలయ్యాక కూర్చుంటాం. పద్దు రాసేది పిల్లలే, చదివి వినిపించేదీ వాళ్లే. పండక్కి జేజి ఇచ్చిన డబ్బులో కొంత పిల్లలు తమ ఖాతాలో వేస్తారు. పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ సంతకంతోనే సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా మనలాంటి ఇళ్లకు బాగా కుదురుతుంది. నెలనెలా కట్టి తీరాలన్న షరతు లేదు. ఏడాదికి కనీసం 250 రూపాయలు వేస్తే ఖాతా నిలుస్తుంది, పంట వచ్చిన నాడు ఎక్కువ వేసుకోవచ్చు. పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు చేతికొస్తుంది.

పిల్లల మీద బరువు మోపినట్టు కాదా అని కొందరు అడుగుతారు. చూపించడం వేరు, మోయించడం వేరు. అయిదేళ్ల బిడ్డకు అంగట్లో చిల్లర లెక్క చాలు. పదేళ్లకు ఏడాది కాగితం, పన్నెండేళ్లకు వడ్డీ. "నీ చదువు కోసమే ఈ అప్పు" అన్న మాట మాత్రం ఏ వయసులోనూ అనకూడదు. అప్పు తీర్చే బాధ్యత పెద్దవాళ్లది, తెలుసుకునే హక్కు పిల్లలది.

రేపు ఈ పిల్లలే చేను కౌలుకు తీసుకుంటారు, చీటీ పాడతారు, పెళ్లి చేసుకుంటారు, ఎవరికో జామీను ఉంటారు. ఆ రోజు సంతకం పెట్టే ముందు "మొత్తం ఎంతవుతుంది, ఎప్పటికి తీరుతుంది" అని అడిగే ధైర్యం వాళ్లకుండాలి. ఆ ప్రశ్న మొదట మన ఇంట్లో, మననే అడగనివ్వాలి.