97ఎక్స్ ఎప్పుడు మూతపడింది?

చిన్న పట్టణాల రేడియో గురించి రాసేటప్పుడు "ఇంటర్నెట్ వచ్చాక అవి అంతరించాయి" అనే వాక్యం మనకు సులువుగా దొర్లుతుంది. మీ జవాబు పత్రాల్లో దాన్ని చాలాసార్లు చూశాను. 97ఎక్స్ చరిత్ర చదివాక ఆ వాక్యం రాయడానికి మీరు కొంత సంకోచిస్తారని ఆశిస్తాను.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడిది మయామీ విశ్వవిద్యాలయం. ఫ్లోరిడాలోని మయామీతో దానికి సంబంధం లేదు. ఆ ఊరి ఎఫ్.ఎం. స్టేషనును 1981లో డగ్, లిండా బలో దంపతులు కొన్నారు. 1983లో దాన్ని 'మోడరన్ రాక్' స్టేషనుగా మార్చారు. పెద్ద స్టేషన్లు పట్టించుకోని కొత్త బృందాల పాటలు వినిపించడం దాని పని. ఇలాంటి సంగీతానికి బిల్‌బోర్డ్ పత్రిక ప్రత్యేక పట్టిక మొదలుపెట్టింది 1988లో అని గుర్తుంచుకుంటే, ఆ ఊరు ఎంత ముందుందో మీకే తెలుస్తుంది. అదే ఏడాది వచ్చిన 'రెయిన్ మ్యాన్' చిత్రంలో డస్టిన్ హాఫ్‌మన్ పాత్ర ఈ స్టేషను నినాదాన్ని పదేపదే వల్లిస్తుంది. ఏటా మే నెలాఖరున 500 పాటల వరుసను ప్రసారం చేయడం స్టేషనుకు ఆనవాయితీ.

1998 నాటికే 97ఎక్స్ ఇంటర్నెట్‌లో కూడా వినిపించేది. అంటే ఇంటర్నెట్ దానికి శత్రువుగా రాలేదు, రెండో గొంతుగా వచ్చింది.

మరి మూతపడింది ఎప్పుడు? అభిమానులు రాసిన చరిత్రల్లో ఎక్కువగా కనిపించే తేదీ 2010 మార్చి 23. ఆ రోజు ఇంటర్నెట్ ప్రసారం ఆగింది. నా దృష్టిలో అసలు తేదీ 2004 మే. అప్పుడు ఎఫ్.ఎం. లైసెన్సు సుమారు 56 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కొన్నవారికి పాటలు అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. వారు కొన్నది 97.7 మెగాహెర్ట్జ్‌ను. దగ్గరలో సిన్సినాటి మహానగరం ఉంది. తర్వాత ఆ లైసెన్సు ఆక్స్‌ఫర్డ్‌ను వదిలి సిన్సినాటి శివారు పట్టణమైన మేసన్‌కు మారింది. ఊరి రేడియో అనుకున్నది నిజానికి ఊరిది కాదు. ఇరవై ఏళ్లు విన్నవారికి ఆ లావాదేవీలో ఏ స్థానమూ లేదు. అలాగని యజమానులను ద్రోహులనడం నాకు సమ్మతం కాదు. అంతకాలం ఆ సంగీతాన్ని నిలబెట్టింది వారే. అమ్మే హక్కు ఇచ్చింది చట్టం. విమర్శ ఆ చట్టం మీద ఉండాలి.

పేరు మాత్రం మిగిలింది. 2004 జూలైలో పెట్టుబడి దొరికి సిబ్బంది ఇంటర్నెట్‌లో మళ్లీ మొదలుపెట్టారు. 2006లో డబ్బు చాలక ఆగింది. లాలా అనే సంస్థ ఆదుకుంది. 2009లో చేతులు మారి టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు వెళ్లింది. ఈ ఆరేళ్లను చాలామంది వీరగాథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఒక లెక్క కనిపిస్తుంది. శ్రోత ఏ దేశంలోనైనా ఉండవచ్చు, సంతోషమే. కానీ ఆక్స్‌ఫర్డ్‌లోని పిజ్జా దుకాణం ప్రకటన వారికెందుకు? ఊరు పోగానే ఊరి వ్యాపారి ఇచ్చే చిన్న చిన్న సొమ్ము కూడా పోయింది. ఇక ప్రతిసారీ ఒక కొత్త దాత కోసం ఎదురుచూడాల్సిందే.

కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు రెండు తేదీలూ వేయండి. 2010 పక్కన 'పెట్టుబడి' అని, 2004 పక్కన 'లైసెన్సు' అని రాయండి. 'ఇంటర్నెట్' అని రాయాలనిపిస్తే, ఏ తేదీ పక్కన రాస్తారో ముందు తేల్చుకోండి.