నోటికి వచ్చిన పద్యం

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం పోయేవాళ్లు రోజూ ఒక ఋషిని దాటుతారు. ఆ గోదావరి పాయ పేరు వశిష్ఠ. పేరు పలికేటప్పుడు ఋషి ఎవరికీ గుర్తుకు రాడు. పోటు, పాటు, ఆఖరి పంటు వేళ, ఇవే గుర్తుకొస్తాయి. పాత కవుల సంగతీ చాలా ఇళ్లలో ఇంతే. పేరు తెలుసు, గౌరవం ఉంది, భాగవతం బీరువాలో భద్రంగా ఉంది. మాట మాత్రం లేదు. ఒక కవి బతుకంతా తోడు రావాలంటే ముందు నోటికి రావాలన్నది నా వాదన. దానికి వీలుగానే పద్యాన్ని కట్టారు. ఉత్పలమాల తీసుకోండి: పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరానికి ప్రాస. మూడో పాదం ఎత్తుగడ మరిచినవాడికి కూడా అందులో రెండో హల్లు ఏదో తెలిసే ఉంటుంది. దాన్ని నాలుక మీద రెండుసార్లు ఆడిస్తే మాట దొరుకుతుంది. సగంలో తడబడితే మొదటి అక్షరం పదో అక్షరానికి దారి చూపిస్తుంది. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు చదువురానివాళ్ల నోట కూడా నిలిచాయంటే రాగం ఒక్కటే కారణం కాదు, ఈ కట్టుబడి కూడా. గోదావరి గడ్డ మీది ఆ జంట తిక్కన ఉద్యోగపర్వాన్ని జీర్ణించుకుని నాటకం కట్టింది. తిక్కన వ్యాసుణ్ణి జీర్ణించుకున్నాడు. పందిట్లో కూర్చుని ‘వన్స్ మోర్’ అని అరిచినవాడికి ఆరు వందల ఏళ్లకు పైబడిన దూరం ఒక్క గుక్కలో దగ్గరైంది.

చిలకపలుకులే కదా అంటారు. అర్థం తెలియకుండా అప్పజెప్పే పిల్లలున్న మాట నిజమే. అయితే అర్థం వయసుతో పెరుగుతుంది, బట్టీ పట్టే శక్తి వయసుతో తరుగుతుంది. ఏది ముందు చేసుకోవాలో మీరే చెప్పండి. ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయనే మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఏ పద్యం వెతకాలో ముందు మనసుకు తట్టాలిగా!

బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఈ పాత మాటలు ఎవరివి? తమను ఊరవతల నిలబెట్టిన గ్రంథాలను ఆ నిలబడ్డవాళ్లు ఎందుకు మొయ్యాలి? ఈ ప్రశ్నను కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. ఈ రేవు ఉన్న రాజోలు ప్రాంతంలోనే, మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ రాసిన చేత్తోనే ‘రాగవాశిష్ఠం’ రాశారు. ఈ ఏటికి పేరిచ్చిన వశిష్ఠుడూ, అరుంధతీ అందులో నాయికానాయకులు. అరుంధతిని మాదిగలు తమ ఆడపడుచుగా చెప్పుకుంటారు. అరుంధతీయులన్న పేరు అలా వచ్చిందే. వశిష్ఠుణ్ణి కట్టుకున్న అక్షమాల (అరుంధతికే ఇది మరో పేరంటారు) తక్కువ పుట్టుకదని మనుస్మృతే తొమ్మిదో అధ్యాయంలో ఒప్పుకుంటుంది. పెళ్లిలో పురోహితుడు వేలెత్తి చూపించే నక్షత్రం ఎవరింటి పిల్లో ఆ వేలికి తెలియదు. భీమన్న పురాణాన్ని ఏట్లో కలిపెయ్యలేదు, దానిచేతే సాక్ష్యం చెప్పించారు. జాషువా చేసిందీ అదే పని. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ వెనక కాళిదాసు మేఘసందేశం ఉంది. యక్షుడి చోట అంటరానివాడు, మేఘం చోట గబ్బిలం. గుడి తలుపు ఎవరికి మూసినా గబ్బిలానికి మూసుకోదు. పూజారి లేని వేళ చూసి శివుడి చెవి దగ్గర వేలాడుతూ కబురు చెప్పగలదు. కాళిదాసును కళ్లకద్దుకుని పక్కన పెట్టేసినవాడికి ఈ ఎన్నిక తట్టదు. అవతలివాడి మాట ఆనుపానులన్నీ తెలిసినవాడికే దాన్ని ఎక్కడ వంచాలో తెలుస్తుంది.

అందరూ కవులు కాలేరు, కానక్కర్లేదు. ఎవరికి నచ్చిన కవిని వాళ్లు ఎంచుకోవచ్చు. తిక్కనే కావాలని నియమమూ లేదు, జాషువా అయినా సరే. రేవులో పంటు కదిలి అవతలి ఒడ్డుకు ఆనేలోపు ఒక ఉత్పలమాలను తీరిగ్గా పదిసార్లు చదువుకోవచ్చు.