ఓడిన జట్టుకు సప్లీ లేదు

2016 ఆగస్టు 22న పీవీ సింధు శంషాబాద్ విమానాశ్రయంలో దిగింది. అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఓపెన్ టాప్ బస్సులో ఊరేగింపు, దారి పొడవునా జనం, పూలు, జెండాలు. ఆ సంబరంలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. మూడు రోజుల కిందటే రియోలో ఆమె ఫైనల్ ఓడిపోయింది. రజత పతకమంటేనే ఆఖరి మ్యాచ్ ఓడినవాళ్లకిచ్చేది మరి. ఆ తర్వాత కూడా ఓటములు ఆగలేదు. 2017లో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో నొజోమి ఒకుహారా చేతిలో, 2018లో నాన్‌జింగ్ ఫైనల్లో, రియోలో ఓడించిన కరోలినా మారిన్ చేతిలోనే మళ్లీ, అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో తై జు యింగ్ చేతిలో ఓడింది. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేసి ప్రపంచ చాంపియన్ అయింది. గ్లాస్గోలో 110 నిమిషాలు ఆడినా లొంగని ప్రత్యర్థి, బాసెల్‌లో రెండు గేములూ కలిపి 14 పాయింట్లే తెచ్చుకోగలిగింది. దీన్ని పట్టుదల కథగా చెప్పుకుంటాం, తప్పులేదు. అయితే ఇందులో పట్టుదలకు ఎంత వాటా ఉందో క్యాలెండర్‌కూ అంత వాటా ఉంది. బ్యాడ్మింటన్‌లో పెద్ద టోర్నీలు దాదాపు అన్నీ నాకౌట్‌లే. అయినా ఈ వారం తొలి రౌండ్‌లో పోయినవాళ్లకు కొద్దిరోజుల్లోనే ఇంకో టోర్నీ ఎదురుచూస్తుంటుంది. ఎక్కడ దెబ్బతిన్నామో సరిచూసుకోవడానికి వాళ్లకు కారణమూ ఉంటుంది, గడువూ ఉంటుంది.

ఆమె దిగిన విమానాశ్రయం చుట్టుపక్కల కాలేజీల జట్లకు ఆ రెండూ లేవు. శంషాబాద్ దగ్గర కాచారంలో వర్ధమాన్ ఇంజనీరింగ్ కాలేజీ, అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, గండిపేటలో సీబీఐటీ, ఎంజీఐటీ, నగరం వైపు వస్తే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ కళాశాల, పశువైద్య కళాశాల ఉన్నాయి. ఇక్కడనే కాదు, మన రాష్ట్రాల్లో ఎక్కడ చూసినా మామూలు కాలేజీ జట్టుకు ఏడాది మొత్తానికీ లెక్కలోకి వచ్చే పోటీ ఒక్కటే. యూనివర్సిటీ పెట్టే అంతర కళాశాలల టోర్నమెంట్. అది చాలావరకు నాకౌట్ పద్ధతిలో నడుస్తుంది. 32 జట్లు వచ్చాయనుకుందాం, మొత్తం 31 మ్యాచ్‌లు. మొదటి రౌండ్‌లోనే 16 జట్లు ఇంటిముఖం పడతాయి. అంటే సగం జట్లకు ఆ ఏడాదికి ఒకే ఒక మ్యాచ్. రెండో రౌండ్‌లో పోయినవాళ్లను కూడా కలుపుకుంటే 32లో 24 జట్లు రెండు మ్యాచ్‌లకు మించి ఆడవు. ఇంజనీరింగ్ నాలుగేళ్లు. మొదటి ఏడాది జట్టులో చోటు దొరికేసరికే గడిచిపోతుంది, ఆఖరి ఏడాది ప్లేస్‌మెంట్లు, ప్రాజెక్టు మింగేస్తాయి. మధ్యలో రెండేళ్లూ తొలి రౌండ్‌లోనే ఓడితే ఆ కుర్రాడి కాలేజీ ఆట మొత్తం రెండు మ్యాచ్‌లు. అలాంటివాడికి ‘ఓటమి విజయానికి తొలిమెట్టు’ అని జిమ్ గోడ మీద రాసి చూపించడం కాస్త క్రూరంగానే ఉంటుంది. తొలిమెట్టు సరే, రెండోది ఎవరు కట్టాలి?

ఓటమి పాఠం నేర్పుతుందని అందరూ అంటారు. నా ఉద్దేశంలో ఓటమి దానంతటది ఏమీ నేర్పదు. ఓటమికీ తర్వాతి మ్యాచ్‌కూ మధ్య ఉండే వారం రోజులు నేర్పుతాయి. వాలీబాల్‌నే తీసుకుందాం. మూడు సెట్ల మ్యాచ్‌లో వరసగా రెండు పోతే ముప్పావుగంటలో కథ ముగుస్తుంది. బయటికొచ్చాక ‘సర్వీసులే కొంప ముంచాయిరా’ అని ఒకడు, ‘రెఫరీ నెట్ టచ్ ఇవ్వలేదు’ అని ఇంకొకడు. నిజంగా ఏం జరిగిందో స్కోరుషీట్‌లో ఉంటుంది. ఎవరి సర్వీసు ఏ పాయింటు దగ్గర పోయిందో అందులో వరసగా రాస్తారు. దాన్ని తీసి చూస్తే ఎదుటి జట్టు 6 నుంచి 13కు ఒకే సర్వర్ మీద ఎగబాకిందని, అంతసేపూ మన జట్టు ఒకే రొటేషన్‌లో ఇరుక్కుపోయిందని, మన మంచి హిట్టర్ అప్పుడు వెనక వరసలో ఉన్నాడని తేలవచ్చు. అంటే అక్కడ లోటు ధైర్యానిది కాదు. మొదటి బంతి సెట్టర్ చేతికి చేరలేదు, అంతే. రిసీవింగ్‌లో ఇద్దరి చోట్లు మార్చి, వారంపాటు సాయంత్రం గంటసేపు అదొక్కటే చేయిస్తే చాలావరకు కుదుటపడే లోపం. కానీ తర్వాతి మ్యాచ్ వచ్చే ఏడాది. ఆ షీటు అడిగి తీసుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు జెర్సీలు లెక్కపెట్టుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. లోపం లోపంగానే ఉండిపోతుంది, దానికి తోడు ‘మనకంత సీన్ లేదులే’ అనే నమ్మకం ఒకటి కుదురుకుంటుంది. వచ్చే ఏడాది జట్టుకు సీనియర్లు అప్పజెప్పేది ఆ నమ్మకాన్నే.

ఈ విషయం హైదరాబాద్‌కు బయటివాళ్లు వచ్చి చెప్పక్కర్లేదు. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం మనవాడే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా దిగిన మ్యాచ్ అది. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇక 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియా మీద 0-2. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను ఓడించి, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను దాటి, ఫైనల్లో మళ్లీ అదే కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ముందుకు జరిపాడు. ఫైనల్లో ఒక గోలు అతనిదే. ఆ ఎత్తును అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. అయితే ఆ ఎత్తు వేయడానికి రహీం జకార్తాలో ఇంకా ఉండాలి కదా. తొలి దశలో గ్రూపు లీగు కాకుండా నేరుగా నాకౌట్ పెట్టి ఉంటే, ఆసియా చాంపియన్ కావలసిన జట్టు మొదటి మ్యాచ్‌తోనే పెట్టెలు సర్దుకునేది.

జాతీయ జట్లకూ ప్రపంచ చాంపియన్లకూ కాలేజీ పిల్లలతో పోలికేమిటని అనవచ్చు. సరే, కాలేజీ జట్లనే చూద్దాం. 2018 మార్చిలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీలో టాప్ సీడ్ వర్జీనియా యూనివర్సిటీ, 16వ సీడ్‌గా వచ్చిన మేరీలాండ్ బాల్టిమోర్ కౌంటీ జట్టు చేతిలో 74-54తో ఓడింది. పురుషుల టోర్నీ చరిత్రలో మొదటి సీడ్‌ను 16వ సీడ్ ఓడించడం అదే మొదటిసారి. దేశమంతా నవ్వింది. మరుసటి ఏడాది అదే వర్జీనియా చాంపియన్. ఆ టోర్నీ కూడా 68 జట్ల నాకౌటే, కాకపోతే అక్కడికి చేరేలోపు ప్రతి జట్టూ సుమారు 30 మ్యాచ్‌లు ఆడి వస్తుంది. వర్జీనియా సంగతి అలా ఉంచి కాల్‌టెక్‌ను చూడండి. సైన్సులో ప్రపంచమంతా తలెత్తి చూసే ఆ విద్యాసంస్థ బాస్కెట్‌బాల్ జట్టు 1985 నుంచి 2011 దాకా తన లీగులో వరసగా 310 మ్యాచ్‌లు ఓడింది. 2011 ఫిబ్రవరిలో ఆక్సిడెంటల్ కాలేజీ మీద 46-45తో, ఒక్క పాయింటు తేడాతో, గెలిచి ఒడ్డున పడింది. మనకు నవ్వొస్తుంది కానీ ఒక చిన్న లెక్క వేసి తర్వాత నవ్వుదాం. ఏడాదికొక మ్యాచ్ చొప్పున మన కాలేజీ 310 మ్యాచ్‌లు ఓడాలంటే 310 ఏళ్లు కావాలి. గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కిన 1687లో మొదలుపెట్టినా పని పూర్తయ్యేసరికి 1996 వస్తుంది. కాల్‌టెక్ కుర్రాళ్లకు ఓడిపోయే హక్కు ఏడాదికి డజను సార్లు దొరికింది. మన కుర్రాళ్లకు ఓడడం కూడా కరువే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. జీవితమే నాకౌట్, పిల్లలు ఆ ఒత్తిడికి ఇప్పుడే అలవాటు పడాలి అంటారు. నిజంగా ఒత్తిడికి అలవాటు చేయదలచుకున్న చోట మనం ఏం చేస్తున్నామో చూడండి. ఎప్‌సెట్ ఒక్కసారి రాసే పరీక్షే, దానికి ముందు రెండేళ్లపాటు వారం వారం టెస్టులు పెడతాం, ప్రతిదానికీ ర్యాంకులు వేస్తాం, ఈ ఆదివారం తప్పు చేసినవాణ్ణి వచ్చే ఆదివారం మళ్లీ కూర్చోబెడతాం. ఏడాదికి ఒకే టెస్టు పెట్టే కోచింగ్ సెంటర్‌లో ఏ తండ్రీ ఫీజు కట్టడు. ఇంజనీరింగ్‌లో సబ్జెక్టు తప్పినవాడికి యూనివర్సిటీయే సప్లిమెంటరీ పెడుతుంది. మ్యాథ్స్ తప్పితే సప్లీ ఉంది, తొలి రౌండ్ తప్పితే లేదు. ఇంకొందరు సర్టిఫికెట్ మాట ఎత్తుతారు: గెలిస్తేనే గుర్తింపు, గుర్తింపు ఉంటేనే సీటో ఉద్యోగమో అని. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్రీడాకారుల కోటా 0.5 శాతం. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చే ఫారం-3 యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకు ఇచ్చేది, కాలేజీ తరఫున ఆడినవాళ్లకు కాదు. కాబట్టి మైదానంలోకి దిగే పిల్లల్లో అత్యధికులకు ఆటవల్ల దక్కేది ఆటే. అది కూడా ముప్పావుగంటే ఇస్తామంటే ఎలా? పైగా ఆ కాస్తసేపట్లో సెలెక్టర్ల కంట పడనివాడు ఎంత మంచి సెట్టరైనా ఎవరికీ తెలియకుండానే పోతాడు.

డబ్బు, సమయం అన్నవి నిజమైన ఇబ్బందులు. 75 శాతం హాజరు నిబంధన, మిడ్‌లు, ల్యాబులు ఉన్న సెమిస్టర్‌లో 32 జట్లు ఒకదానితో ఒకటి ఆడాలంటే 496 మ్యాచ్‌లు, అది అయ్యే పని కాదు. నాలుగేసి జట్ల ఎనిమిది గ్రూపులు చేస్తే 48 మ్యాచ్‌లు, గ్రూపు విజేతల మధ్య నాకౌట్‌కు ఇంకో ఏడు, మొత్తం 55. ఇప్పటి 31తో పోలిస్తే 24 ఎక్కువ, బదులుగా ప్రతి జట్టుకూ మూడు మ్యాచ్‌ల హామీ. యూనివర్సిటీ అదీ కుదరదంటే దాని జోలికి పోకుండా చేయదగినది ఈ ప్రాంతంలోనే ఉంది. గండిపేటలో సీబీఐటీ, ఎంజీఐటీ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఉస్మానియాకు అనుబంధం, ఇంకొకటి జేఎన్‌టీయూకు. అందువల్ల అధికారిక అంతర కళాశాలల పోటీల్లో ఈ ఇరుగుపొరుగు తారసపడే వీల్లేదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విద్యార్థులు తమ యూనివర్సిటీ పోటీల్లో అశ్వారావుపేట, జగిత్యాల, పాలెం జట్లతో ఆడతారు తప్ప శంషాబాద్ వాళ్లతో ఆడరు. అనుబంధాల గీతలు పక్కనపెట్టి, శంషాబాద్, రాజేంద్రనగర్, మొయినాబాద్, గండిపేట కాలేజీలు ఎనిమిది కలిసి శనివారం లీగు పెట్టుకుంటే ఒక్కో జట్టుకు ఏడు మ్యాచ్‌లు. బసలు అక్కర్లేదు, రైలు టికెట్లు అక్కర్లేదు. ఉదయం పిల్లల్ని దించి సాయంత్రం దాకా ఆవరణలో ఖాళీగా నిలబడే కాలేజీ బస్సులు ఎలాగూ ఉన్నాయి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. బలహీనమైన జట్టుకు ఏడు మ్యాచ్‌లిస్తే ఏడూ ఓడుతుంది, ఒక అవమానం ఏడవుతుంది. ఇందులో నిజం ఉంది. వరసగా మూడు ఓడాక నాలుగో శనివారానికి సగం మందే వస్తారు, లీగు చివర్లో పోగొట్టుకునేదేమీ లేని జట్లు వాకోవర్ ఇచ్చేస్తాయి. ఊళ్లలో లీగులు నడిపినవాళ్లందరూ ఎరిగిన జబ్బే ఇది. అందుకే కింది నాలుగు జట్లకూ ఐదో స్థానం నుంచి ఎనిమిదో స్థానం దాకా తేల్చే మ్యాచ్‌లు పెట్టాలి, ఏడో స్థానానికీ ఒక కప్పు ఉండాలి, అది చిన్నదైనా సరే. వాకోవర్ ఇచ్చిన కాలేజీకి పాయింట్ల కోత ఉండాలి. పీడీ పనితీరును కప్పులతో కాక మొదటి మ్యాచ్‌కూ ఆఖరి మ్యాచ్‌కూ మధ్య జట్టు ఎంత మారిందన్న దాంతో తూచాలి. తొలి శనివారం 25-13తో పోయిన సెట్టు ఆరో శనివారం 25-21తో పోతే అది గెలుపని బుకాయించనక్కర్లేదు. ఓటమే. ఆ ఎనిమిది పాయింట్లు ఎక్కడ నుంచి వచ్చాయో చెప్పగలిగే ఆటగాడు జట్టులో ఉంటే వచ్చే ఏడాదికి కెప్టెన్ దొరికినట్టే. ఇక మిగిలేవి రెఫరీల ఫీజు, బంతుల ఖర్చు. ఎవరి మైదానంలో ఆడితే ఆ కాలేజీ బంతులు, వచ్చిన కాలేజీ రెఫరీ ఫీజు అనుకుంటే సగం తగువు తీరుతుంది. మిగతా సగం పీడీలు ఒక మధ్యాహ్నం కూర్చుని తేల్చుకోవచ్చు, కొత్త బ్యాచ్‌లు రాకముందే.