వెనక సీటు ఖరీదు

2021 అక్టోబరులో చైనా నుంచి ఒక ఫొటో బయటికొచ్చింది. చెంగ్డూ విమాన కర్మాగారం రన్‌వే మీద, ఇంకా పెయింటు వేయని, పసుపు ప్రైమర్‌తోనే ఉన్న జె-20 యుద్ధ విమానం అది. పదేళ్లుగా ఆ విమానాన్ని గమనిస్తున్నవాళ్ల చూపంతా ఒక్కచోటే ఆగింది. కాక్‌పిట్ మీది గాజు కప్పు బాగా పొడుగ్గా ఉంది. దాని కింద ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లున్నాయి. ప్రపంచంలో రెండు సీట్ల స్టెల్త్ ఫైటర్ అదే మొదటిది. తర్వాత దాని పేరు జె-20ఎస్ అని తెలిసింది.

ఇంజినీరింగ్ కాలేజీలో విమాన డిజైన్ పాఠం చెప్పే నాకు ఆ ఫొటో మీద ఆసక్తి ఇంకా తీరలేదు. రాడార్‌కు చిక్కకుండా ఎగిరే విద్యను ముందు ఒడిసిపట్టింది అమెరికా. అక్కడి ఎఫ్-117, ఎఫ్-22, ఎఫ్-35 మూడూ ఒంటి సీటు విమానాలే. ఎఫ్-22కి శిక్షణ కోసం రెండు సీట్ల రకం కూడా తయారు చేద్దామని మొదట్లో అనుకున్నారు. ఎఫ్-22బి అని పేరు కూడా పెట్టారు. ఖర్చు తగ్గించుకోవడానికి 1996లో ఆ ఆలోచన మానుకున్నారు. అమెరికా వద్దనుకున్న సీటు చైనాకు ఎందుకు అవసరమైంది? అది తేలాలంటే ముందు ఆ సీటు ఖరీదెంతో తెలియాలి.

ఫైనలియర్ పిల్లలకు ఏటా నేనిచ్చే అభ్యాసం ఇదే. ఒంటి సీటు ఫైటర్‌ను నిలువునా కోస్తే పక్కనుంచి ఎలా కనిపిస్తుందో ఆ డ్రాయింగు చేతికిచ్చి, పైలట్ వెనక ఇంకొకరిని కూర్చోబెట్టమంటాను. పెన్సిలుతో సీటు గీయడానికి ఎంతోసేపు పట్టదు. గీశాక చూస్తే ఆ సీటు సరిగ్గా ఇంధన ట్యాంకు మీద పడి ఉంటుంది. సీటు, మోకాళ్లకు చోటు, ఎదురుగా తెరలు కలిపి మీటరున్నర దాకా పొడవు పోతుంది. ఇజెక్షన్ సీటొక్కటే వంద కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. మనిషి బరువు, ఆక్సిజన్, వైర్లు అదనం. అయినా అదే చోట పట్టే ఇంధనం బరువు వీటన్నిటి కంటే ఎక్కువే. అందుకే కొత్త చిక్కు వస్తుంది. నిండు ట్యాంకులతో లేచేటప్పుడు విమానం గరిమనాభి మునుపటి కంటే వెనక్కి పోతుంది. ఇంధనం అయిపోయి దిగే వేళకు మునుపటి కంటే ముందుకొస్తుంది. ఆ ఊగిసలాట అంతటినీ తోక రెక్కలూ, కంట్రోల్ సాఫ్ట్‌వేరూ కాచుకోవాలి. "మరి ట్యాంకు ఎక్కడికి జరపాలి సార్?" అని అప్పుడు అడుగుతారు పిల్లలు. అసలు పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

పాత తరం విమానాల్లో ఈ ప్రశ్నకు తేలిగ్గానే జవాబు దొరికేది. ఎఫ్-16లో రెండో సీటు పెట్టినప్పుడు లోపలి ఇంధనంలో దాదాపు ఆరో వంతు పోయింది. దానికేం, రెక్కల కింద ట్యాంకులు వేలాడదీశారు. ఎలక్ట్రానిక్ పెట్టెలకు చోటు చాలకపోతే వీపు మీద పొడవాటి మూపురం కట్టి అందులో సర్దారు. స్టెల్త్ విమానంలో ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. రెక్క కింద ఏది వేలాడినా రాడార్ కిరణాన్ని తిప్పికొడుతుంది. అందుకే ఇంధనం, బాంబులు, క్షిపణులు అన్నీ కడుపులోనే ఇమడాలి. పైలట్ వెనక చోటు ఎంత విలువైనదో ఎఫ్-35లో చూడొచ్చు. నిట్టనిలువుగా దిగగలిగే బి రకంలో ఆ చోట పెద్ద ఫ్యాను ఉంటుంది. మామూలు రన్‌వే మీద దిగే ఎ రకంలో అక్కడ ఇంధనం ఉంటుంది. ఎ రకం లోపల సుమారు 8,280 కిలోల ఇంధనం పడితే, బి రకంలో పట్టేది సుమారు 6,050 కిలోలే.

ఇక గాజు కప్పు సంగతి. కాక్‌పిట్ లోపల సీటు, ప్యానెళ్లు, హెల్మెట్ అన్నీ మూలలూ వంపులే. రాడార్ కిరణం లోపలికి దూరిందంటే ఎన్ని తలాలకు తగిలినా చివరికి వచ్చినవైపే బయటపడుతుంది. పైలట్ తల ఒక్కటే రాడార్‌కు విమానం మొత్తం కంటే వందరెట్లు పెద్దగా కనిపిస్తుందని ఎఫ్-117 రూపొందిస్తున్న రోజుల్లో తేలిందని, అప్పుడు లాక్‌హీడ్ స్కంక్ వర్క్స్ అధిపతిగా ఉన్న బెన్ రిచ్ తన జ్ఞాపకాల్లో రాశారు. అందుకే గాజుకు పలుచని లోహపు పూత వేసి, కిరణాన్ని బయటే పక్కకు మళ్లిస్తారు. ఎఫ్-22 గాజు కప్పు మూడున్నర మీటర్ల పొడవున, మధ్యలో చట్రం లేకుండా ఒకే ముక్కగా ఉంటుంది. రెండో మనిషి వస్తే ఈ గాజు ఇంకా పొడుగవుతుంది, పూత వేయాల్సిన తలం పెరుగుతుంది, అంచుల అతుకులూ పెరుగుతాయి. కప్పు వెనక వీపు కూడా ఎత్తవుతుంది. ముందునుంచి చూసే రాడార్‌కు ఈ మార్పు పెద్దగా తెలియకపోవచ్చు. పక్కనుంచి చూసే రాడార్ దగ్గర మాత్రం దాచుకోవాల్సింది ఎక్కువవుతుంది.

ఇంత ఖర్చు పెట్టి కూర్చోబెట్టే మనిషికి పనేమిటన్నది తర్వాతి ప్రశ్న. శిక్షకుడైతే అతనికి రన్‌వే కనిపించాలి, కాబట్టి వెనక సీటు ముందు సీటు కంటే ఎత్తులో ఉండాలి, గాజు ఇంకా ఉబ్బాలి. ఆయుధాలు, సెన్సార్లు చూసుకునే అధికారి అయితే అతని చూపు తెరల మీదే ఉంటుంది, సీటు కిందికి దించొచ్చు. అంటే వెనక కూర్చునే మనిషి ఉద్యోగాన్ని బట్టి విమానం ఆకారమే మారిపోతుంది. శిక్షణ కోసం స్టెల్త్ విమానంలో రెండో సీటు పెట్టడం నా దృష్టిలో వృథా. ఎఫ్-117 పైలట్లు ఆ విమానాన్ని మొదటిసారి నడిపింది ఒంటరిగానే. ఎఫ్-35 పైలట్లదీ అదే దారి. సిమ్యులేటర్లు ఆ బాధ్యతను బాగానే మోస్తున్నాయి.

పోరాటంలో సాయానికైతే విషయం అంత తేలిక కాదు. ఎఫ్-14లో రాడార్ నడపడానికే వెనక ఒక అధికారి ఉండేవాడు. ఎఫ్-15ఇలో, మన సుఖోయ్-30ఎంకేఐలో కూడా వెనక మనిషి చేతినిండా పని ఉంటుంది. ఎఫ్-22, ఎఫ్-35 రూపకర్తలు ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. రాడార్, కెమెరాలు, రేడియో సంకేతాలు చెప్పేదంతా కలిపి పైలట్‌కు ఒకే చిత్రంగా చూపే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. ఆ సాఫ్ట్‌వేర్ సిద్ధం కావడానికి ఎఫ్-35 ఏళ్లతరబడి ఎదురుచూసింది. ఒంటి సీటు చౌక అనుకునేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. విమానం పొట్టలో మిగిలిన ఖర్చు ప్రోగ్రామర్ల బల్లల మీదికి చేరింది, అంతే.

ఇప్పుడు డ్రోన్ల కాలం వచ్చింది. ఫైటర్ పక్కన జీజే-11 లాంటి పైలట్ లేని విమానాలు ఎగురుతాయి, వాటికి పని పురమాయించే మనిషి ఫైటర్‌లోనే ఉండాలన్న ఆలోచనే జె-20ఎస్‌కు ప్రాణమని చాలామంది నిపుణుల అంచనా. మన హెచ్‌ఏఎల్ కూడా ఇదే బాటలో ఆలోచించింది. వారియర్ డ్రోన్లను నడిపించే తల్లి విమానంగా రెండు సీట్ల తేజస్‌ను ఎంచుకుంది. శత్రువుతో తలపడుతూనే ఒకే మనిషి నాలుగు డ్రోన్లనూ చూసుకోవడం కష్టమన్న వాదనలో బలముంది. అయితే ఫైటర్ ఆయుష్షు ముప్ఫై, నలభై ఏళ్లు. డ్రోన్లు తమ పని తామే చూసుకోవడం నేర్చుకుంటున్న వేగం చూస్తే, ఈరోజు తప్పనిసరి అనిపించే ఆ సీటు సగం సర్వీసు గడవకముందే ఖాళీ అయ్యే ప్రమాదమూ ఉంది. పోయిన ఇంధనం మాత్రం తిరిగి రాదు.

ఈ తర్జనభర్జన మన దేశం ఒకసారి చూసింది. రష్యాతో కలిసి చేద్దామనుకున్న ఐదో తరం ఫైటర్‌కు మన వైమానిక దళం మొదట రెండు సీట్లు కోరింది. తర్వాత ఒంటి సీటుకే ఒప్పుకుంది. 2018లో మన దేశం ఆ ప్రాజెక్టు నుంచే బయటికొచ్చింది. ఇప్పుడు బెంగళూరులో ఏడీఏ సంస్థ రూపొందిస్తున్న మన సొంత స్టెల్త్ ఫైటర్ ఆమ్కా ఒంటి సీటు విమానం. దాని నమూనాల కోసం 2024 మార్చిలో కేంద్రం 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ ఒంటి సీటు నిర్ణయం సరైనదనే నా నమ్మకం. మొదటి స్టెల్త్ ఫైటర్‌తోనే అన్ని బరువులూ ఎత్తుకోకూడదు.

ఆ తర్వాతి విమానానికి మాత్రం ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. దానికి జవాబు వెతికే అవకాశం హైదరాబాద్‌లోనే ఉంది. 2024 జులైలో వైమానిక దళం ఇక్కడ వెపన్ సిస్టమ్స్ స్కూల్ ప్రారంభించింది. సుఖోయ్ వెనక సీట్లో కూర్చునేవాళ్లూ, దూరం నుంచి డ్రోన్లు నడిపేవాళ్లూ తయారయ్యేది అక్కడే. ఒకే మనిషి ఎన్ని డ్రోన్ల దాకా తడబడకుండా సంభాళించగలడు, ఎక్కడ రెండో బుర్ర అవసరమవుతుంది, ఎక్కడ కంప్యూటర్ చాలు అన్నది వాళ్లను సిమ్యులేటర్లలో కూర్చోబెట్టి కొలవొచ్చు. ఆ కొలతలు డిజైనర్ల బల్ల మీదికి మొదటి గీత గీయకముందే చేరాలి. విమానం ఆకారం ఖాయమయ్యాక సీటు గురించి ఆలోచిస్తే, మా పిల్లలు అడిగే ప్రశ్నకు ఏ దేశం దగ్గరా మంచి జవాబుండదు.