గోడలతో కలిపి ఇచ్చిన దానం: విల్లా పాంజాపై విమర్శ

పరిచయం

మ్యూజియం అనగానే మనకు అద్దాల పెట్టెలు, వాటి పక్కన వివరాల చీటీలు గుర్తుకువస్తాయి. ఉత్తర ఇటలీలోని వరేసె పట్టణంలో బియూమో కొండపై ఉన్న విల్లా పాంజాకు ఈ ఊహ సరిపోదు. 18వ శతాబ్ది మధ్యకాలంలో మెనాఫొల్యో అనే ప్రభువు కట్టించిన ఈ భవనం 19వ శతాబ్దిలో లిత్తా వంశానికి, 20వ శతాబ్దిలో పాంజా కుటుంబానికి చేరింది. జుసెప్పె పాంజా (1923–2010), ఆయన భార్య 1996లో దీనిని కళాకృతులతో సహా వారసత్వ సంరక్షణ సంస్థ ‘ఫాయ్’కు దానం చేశారు. 2000లో ప్రజలకు తెరిచారు.

దానంలోని విశిష్టత

పాంజా 1950లలోనే అమెరికన్ ఆధునిక కళను సేకరించడం మొదలుపెట్టారు. పాత గదుల్లో పురాతన సామగ్రి సరసన ఒకే రంగు నిండిన చిత్రాలను అమర్చారు. ఒకప్పటి గుర్రపుశాలల విభాగంలో కళాకారుల చేతనే కొన్ని కృతులు చేయించారు. డాన్ ఫ్లావిన్ ట్యూబులైట్ల వెలుగుతో నడవాను నింపాడు. జేమ్స్ టరెల్ గది పైకప్పును తెరిచి, ఆకాశాన్నే చిత్రంగా చూపాడు. ఈ కృతులకు ఆ గదే పటం, ఆ గదే చట్రం. వాటిని ఊడదీసి మరోచోట పెడితే అర్థం మిగలదు. కాబట్టి ఇంటిని విడిచి కళను మాత్రమే దానం చేయడం ఇక్కడ కుదరదు. ఈ మ్యూజియం బలం ఇదే.

పరిమితులు

మెచ్చుకోలుతో ఆగితే అది విమర్శ కాదు. మొదటి విషయం: ఇక్కడ కనిపించేది పాంజా సేకరణ మొత్తం కాదు. రోత్కో, క్లైన్, రౌషెన్‌బర్గ్‌ల కృతులతో కూడిన భాగాన్ని 1984లో లాస్ ఏంజెలెస్ మ్యూజియానికి అమ్మారు. మరో పెద్ద భాగం 1990ల తొలినాళ్లలో గుగ్గెన్‌హైమ్‌కు చేరింది. రెండవది: ఎంపిక అంతా ఒక్క వ్యక్తి అభిరుచి. దానిని యుగచరిత్రగా భావించకూడదు. మూడవది: ఫ్లావిన్ వాడినవి బజారులో దొరికే ట్యూబులైట్లు. అవి కాలిపోతే మార్చాల్సిందే. అప్పుడు మనం కాపాడుతున్నది వస్తువునా, భావాన్నా? గోడకు సున్నం వేయడంతో తీరే ప్రశ్న కాదిది.

ముగింపు

దానపత్రం రాసిన రోజుతో దాత పని ముగిసింది. సంరక్షకుల బాధ్యత ఆనాడే మొదలైంది. ఇంటిని ఇంటిగానే ఉంచుతూ అందరిదిగా చేయడమే ఆ బాధ్యత. విల్లా పాంజా విలువను దాత ఔదార్యంతో కాక, ఈ బాధ్యత నెరవేరిన తీరుతో అంచనా వేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. విల్లా పాంజాలోని కొన్ని కృతులను మరోచోటికి తరలించలేకపోవడానికి కారణమేమి?
2. ఒక వ్యక్తి అభిరుచిపై ఏర్పడిన మ్యూజియం పరిమితులను చర్చించండి.